సౌనాలో ఉడికిన తుపాకీ

మా ఆయన తౌనో చేతులు ఊరుకోవు. పాడైపోయినవి బాగుచేసే మగవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఈయన బాగున్నవాటిని కూడా బాగుచేస్తాడు. పెళ్ళైన మొదటి వారంలోనే మా అమ్మ ఇచ్చిన గోడ గడియారం విప్పి, పళ్ళచక్రాలన్నీ భోజనాల బల్ల మీద పరిచాడు. "ఏమైంది దానికి?" అంటే "ఏమీ కాలేదు, అవకముందే చూస్తున్నా" అన్నాడు. అది మొదలు ఆ గడియారం రోజుకు ఆరు నిమిషాలు ముందుకు పరుగెడుతూనే ఉంది. నలభై నాలుగేళ్ళుగా పొద్దున్నే దాని ముల్లు వెనక్కి తిప్పడం నా పని.

ముప్ఫై ఒక్క ఏళ్ళు కౌంటీ వాళ్ళ మంచుబండి నడిపాడు. మిషిగన్ ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉండే మాకు మంచు తీసేవాడు దేవుడి తర్వాత దేవుడు. రిటైరయ్యాక ఆ చేతులు రెండూ ఇంటి మీద పడ్డాయి. తలుపులు, కుళాయిలు, చివరికి చర్చిలో కాఫీ కాచే పెద్ద పాత్ర కూడా, అన్నీ ఆయన చేతిలో ఒకసారి విడిపోయి మళ్ళీ కలిసినవే. కలిపాక ఒకటో రెండో మరలు మిగలడం మామూలు. అలా మిగిలినవన్నీ ఒక కాఫీ డబ్బాలో దాచాను. ఏనాడైనా ఇల్లు కూలితే ఏ మర ఎక్కడిదో ఆయన్నే చెప్పమంటాను.

ఇలాంటి మనిషి ఏడాదిలో మహా అయితే పదిహేను రోజులు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంటాడు. అది మా మాటులో.

మా నాన్న కట్టిన వేట క్యాంపుకు అరమైలు అవతల, దేవదారు చెట్ల చిత్తడి అంచున, మా పెళ్ళైన ఏడాది తౌనో కట్టిన చెక్కగూడు అది. ఒక కిటికీ, ఇద్దరు కూర్చోడానికి సరిపోయే బల్ల, అంతే. నవంబరు పదిహేనున దుప్పుల వేట మొదలవుతుంది. నేను తుపాకీ ముట్టను. ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని, ఏలకుల రొట్టె గుడ్డలో కట్టుకుని ఆయన వెనకాలే వెళ్ళి పక్కన కూర్చుంటాను. మాటులో చప్పుడు చెయ్యకూడదు, కదలకూడదు. అంటే ఆయన ఏదీ విప్పకూడదు. నా మొగుడు నా పక్కన ఊరికే కూర్చునే చోటు ఈ భూమ్మీద అదొక్కటే. ఈ మాట ఆయనతో ఏనాడూ అనలేదు. అంటే ఆ కూర్చోడాన్ని కూడా ఇంకా బాగుచేస్తానంటాడని నా భయం.

రెండేళ్ళ కిందట ఆయన తన పాత కర్రపిడి తుపాకీని మా అమ్మాయి లిన్నేయాకు ఇచ్చేశాడు. ఆ ఏడాదే మా ఊరి అగ్నిమాపక దళం వాళ్ళ లాటరీలో ఆయనకు కొత్త తుపాకీ తగిలింది. జన్మలో ఆయనకు లాటరీ తగలడం అదే మొదలు. అంతకుముందోసారి పందితొడ మాంసం తగిలిందని లేచి వెళ్తే అది పక్కవాడి టికెట్టని తేలింది. అందుకని ఈ తుపాకీని ఎవరేమన్నా ఆయన ఊరుకోడు. గొట్టం మంచిదే, కాదనను. గొట్టం కింది నుంచి భుజానికి ఆనే మడమ దాకా ఉండే పొడుగు పిడి మాత్రం నల్ల ప్లాస్టిక్కు. లోపలంతా డొల్ల. వేలితో తడితే ఖాళీ పిండిడబ్బాలా మోగేది.

"డొల్ల కాదు సైమీ, తేలిక. రెండింటికీ తేడా ఉంది" అన్నాడు నాతో.

ఆ తేడా ఏమిటో మొదటి ఏడాదే తెలిసింది. కొమ్ముల దుప్పి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన తుపాకీని కిటికీ చెక్క మీద ఆనించి, నింపాదిగా గురిచూసి పేల్చాడు. దుప్పికి రెండు గజాలు ఎడంగా ఉన్న బర్చి చెట్టు బెరడు లేచిపోయింది. దుప్పి మా వైపు ఒకసారి చూసి, పరుగెత్తను కూడా లేదు, నడిచి వెళ్ళింది. రెండో ఏడాదీ అదే వరస. చెట్టు కూడా అదే.

మా దగ్గర గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి క్యాంపు గోడకు మేకు కొడతారు. అన్ని క్యాంపుల్లోనూ ఉన్నదే. మా నాన్న దాని మీద ఇంకో నియమం పెట్టాడు. వరసగా మూడేళ్ళు ఒకడి చొక్కా తెగితే వాడు తన మాటు వదులుకోవాలి. అది వరసలో ఉన్న తర్వాతివాడికి పోతుంది. వదులుకున్నవాడు ఆ తర్వాత క్యాంపులో పొయ్యి దగ్గర గరిటె పట్టుకోవాలి. ఆ నియమం ముందుగా పట్టుకుంది మా నాన్ననే. డెబ్భై నాలుగో ఏట మాటు అప్పగించి, చచ్చేదాకా అందరికీ బంగాళదుంపలు వేయించి పెట్టాడు. పెట్టినవాడే తలవంచాక ఇంక దాన్ని కాదనే మొహం ఎవరికుంది?

కత్తెర మా తమ్ముడు విల్హో చేతిలో ఉంటుంది. వాడికి అదొక పండగ. పోయిన ఏడాది తౌనోని పొయ్యి ముందు నిలబెట్టి, చొక్కా అంచు లాగి పట్టుకుని, కత్తెర రెండుసార్లు ఊరికే గాలిలో ఆడించాడు.

"కదలకు బావా. నీ తూటాలాగే నా కత్తెర కూడా ఎడమకి పోతే నువ్వు కూర్చోలేవు."

"నువ్వు కత్తిరించు. వాగకు."

"మా అక్క ఏటా కొత్త చొక్కా కుట్టలేక చస్తోంది. ఈసారి వెనక భాగం లేకుండానే కుట్టమని చెప్తా. నీకూ తేలిక. నీ తుపాకీ లాగే."

అందరూ నవ్వారు. తౌనో కూడా నవ్వాడు కానీ నేను ఆయన చెవులు చూశాను, ఎర్రబడ్డాయి. వరసలో తర్వాతివాడు విల్హో అల్లుడు క్రెయిగ్. పెద్ద వంతెనకు అవతల, మిషిగన్ దక్షిణ భాగంలో పుట్టినవాడు. మర్యాదస్థుడే, పాపం. ఆ సాయంత్రం మాటు చూసి వస్తానని వెళ్ళి, వచ్చాక "మావయ్యగారూ, అక్కడ గ్యాసు హీటరు పెడితే పడుతుందాండీ?" అని అడిగాడు. ఫోను పెట్టుకోడానికి గోడకు ఒక జేబు కూడా కుట్టిస్తాడట. నాకు వాణ్ణి చిత్తడిలో ముంచాలనిపించింది.

ఇక ఈ ఏడాది. వేటకు రెండు వారాల ముందు ఒక పొద్దున్న నేను వంటింట్లోకి వచ్చేసరికి, నా మైదాపిండి సంచీ మీద తుపాకీ పడుకోబెట్టి ఉంది. తౌనో ఒక డాలరు నోటును గొట్టానికీ పిడికీ మధ్య సందులో దూర్చి, దాని రెండు కొసలూ పట్టుకుని ముందుకూ వెనక్కీ జరుపుతున్నాడు.

"నీకు పిచ్చి ఎప్పుడో పడుతుందని తెలుసు. ఇవాళే అనుకోలేదు" అన్నాను.

"ఇటు చూడు. గొట్టానికి పిడి తగలకూడదు. నోటు అడ్డులేకుండా జారాలి. తుపాకీ చేత్తో ఎత్తి పట్టుకుంటే జారుతోంది." ఎత్తి చూపించాడు. "ఇప్పుడు కిటికీ చెక్కకి ఆనించినట్టు సంచీ మీద నొక్కుతున్నా. చూడు."

నోటు ఇరుక్కుపోయింది.

"డొల్ల కాబట్టి ముందుభాగం వంగుతోంది. వంగి గొట్టాన్ని నెడుతోంది. నా కన్ను బాగానే ఉంది సైమీ. రెండేళ్ళూ నా కన్ను బాగానే ఉంది."

ఆ చివరి మాట అన్న తీరు విన్నాను. రెండేళ్ళుగా ఈయన లోపల్లోపల ఏమనుకుంటున్నాడో అప్పుడు అర్థమైంది. తుపాకీ తప్పు కాదని పైకి వాదిస్తూ, తప్పు తన కళ్ళదేనేమోనని భయపడుతూ వచ్చాడు.

"లిన్నేయాని అడిగి పాతది ఈ ఒక్క ఏడాదికి తెచ్చుకో" అన్నాను.

"ఇచ్చింది వెనక్కి అడుగుతారా ఎవరైనా? దీన్నే గట్టి చేస్తా. లోపల గదులు గదులుగా ఉంది. గ్యారేజీలో పడున్న విరిగిన బాణాల పుల్లలు పరిచి, జిగురు పోసేస్తా. సిమెంటు పనిలో ఇనప చువ్వలు వేస్తారు చూడు, అట్లా. మడమలో ఇంకేదైనా కుక్కితే మోత కూడా పోతుంది. విల్హోకి మాత్రం చెప్పకు."

"ఎందుకు?"

"తుపాకీ బాగానే ఉందని రెండేళ్ళు వాడితో వాదించా కదా."

శనివారం మొదలెట్టాడు. రెండు మరలు విప్పితే గొట్టమూ యంత్రమూ విడిగా వచ్చేశాయి, ఖాళీ పిడి మిగిలింది. లోపలంతా గరుకు కాగితంతో రుద్ది, స్పిరిటుతో తుడిచి, బాణం పుల్లలు బెత్తెడు ముక్కలుగా కోసి వరసగా పేర్చాడు. ఇంతవరకు నేను మెచ్చుకోవాల్సిందే. ఆ తర్వాత మర రంధ్రాల్లోంచి జిగురు కారకుండా మూయడానికి బంకమట్టి కావాల్సి వచ్చింది. ఆయన డబ్బాలో మట్టి రాయిలా ఎండిపోయి ఉంది. అదే సమయంలో నా బల్ల మీద ఏలకుల రొట్టెకు కలిపిన పిండి, గుడ్డ కప్పుకుని పొంగుతోంది. నేను ఫోను మాట్లాడడానికి అవతలి గదిలోకి వెళ్ళాను. వచ్చేసరికి పిండిలో బొటనవేలు గుంట ఒకటి కనిపించింది.

"తిన్నావా పచ్చిపిండి?" అని అరిచాను.

"కొంచెం రుచి చూశా" అని గ్యారేజీలోంచి జవాబొచ్చింది.

రెండు ట్యూబుల్లోని జిగురు కలిపి పోశాడు. గంట గడిచినా అది గట్టిపడలేదు, జారుగానే ఉంది. బయట గడ్డకట్టే చలి, గ్యారేజీలోనూ అంతే. వెచ్చని చోట ఆరబెట్టాలని డబ్బా మీద రాసి ఉంది. ఇంకో జాతి మనిషైతే దాన్ని తెచ్చి హీటరు పక్కన పెట్టుకునేవాడు. మేము ఫిన్లాండు వాళ్ళం. మా అత్తగారు పుట్టింది మా పెరటి సౌనాలో, అదే, ఆవిరిస్నానాల గదిలో. మామగారికి చివరి స్నానం చేయించిందీ అందులోనే. జలుబైనా, నడుం పట్టినా, సాసేజీలకు పొగ పెట్టాలన్నా మాకు ఆ చెక్కగదీ ఆ రాళ్ళపొయ్యీ తప్ప ఇంకోటి తట్టదు. శనివారం ఎలాగూ సౌనా రోజు. విల్హో నాలుగింటికి స్నానానికి వస్తాడు. ఈలోపు చిన్న మంట వేసి, పిడిని పైబెంచీ మీద రెండు బకెట్ల మధ్య పడుకోబెట్టి, మూడింటికల్లా తీసేద్దామన్నది తౌనో లెక్క. ముందుకొస బెంచీ దాటి గాలిలోకి పొడుచుకొచ్చింది. దాని గురించి ఆయన ఆలోచించలేదు.

విల్హో రెండింటికే దిగాడు. వాళ్ళావిడ చర్చిలో పెట్టిన పాతసామాన్ల అమ్మకానికి వెళ్ళిందట, ఇంట్లో తోచలేదట. ఇంటి ముందుకు కూడా రాకుండా తిన్నగా పెరట్లోకి పోయి, సౌనా పొయ్యి నిండా బర్చి దుంగలు కుక్కి, బట్టలు విప్పేసి లోపల కూర్చున్నాడు. వాడి బూట్లు గుమ్మం ముందు చూసి మా ఆయన పరుగెత్తిన పరుగు నేను ముప్ఫై ఏళ్ళలో చూడలేదు.

మిగతాది సౌనా ముందుగదిలోంచి విన్నాను. కాఫీ తీసుకుని వెళ్ళినదాన్ని, గోడ అవతల ఆ మాటలు వినిపిస్తుంటే కదల్లేకపోయాను. ఆ చీకటి గదిలో విల్హో గమనించకముందే తౌనో పిడి మీద ఒక తువ్వాలు కప్పేసినట్టున్నాడు.

"బావా, ఆ బకెట్ల మధ్య అదేంటి?"

"దండెం. తువ్వాళ్ళు ఆరేసుకోడానికి. కొత్తగా చేశా."

"నీకేం పనిలేదా? గోడకి మేకులున్నాయిగా." నీళ్ళు రాళ్ళ మీద పడి సుయ్యిమన్నాయి. "ఏదైతేనేం. బాగానే ఉంది." తడితువ్వాలు ఫట్‌మని ఎక్కడో పడిన చప్పుడు. "ఒళ్ళు చరుచుకునే ఈ బర్చి ఆకుల కట్ట కూడా తగిలిస్తున్నా. నీళ్ళోడుతోంది."

"దాని మీద వద్దు."

"దండెం మీద ఆరెయ్యకపోతే నీ నెత్తి మీద ఆరెయ్యనా?"

ఇంకో చెంబు నీళ్ళు పడ్డాయి. తర్వాత విల్హో గొంతు మారింది.

"బావా, రొట్టె వాసన వస్తోంది."

"మీ అక్క వంటింట్లో కాలుస్తోంది."

"పెరటి చివరికి వస్తుందా?"

"గాలి ఇటే ఉంది."

"కిటికీ మూసుంటే గాలేంటి? ఏలకుల వాసన బావా. నా ముక్కు దగ్గరే. నాకు ఆకలేస్తోంది."

నాకు అప్పుడు ఆ బొటనవేలి గుంట సంగతి తెలిసింది. నోట్లో కొంగు కుక్కుకుందామంటే ఒంటి మీద ఏప్రనే ఉంది, అదే కుక్కుకున్నాను. విల్హో పూర్తిగా ముప్పావుగంట కూర్చున్నాడు. మా తౌనో ఉడికి ఎర్రబడి, వాడు వెళ్ళేదాకా కుక్కిన పేనులా ఉండిపోయాడు. వాడికి కాఫీ ఇచ్చి, వేరే రొట్టె పెట్టి సాగనంపేసరికి మూడున్నర.

తువ్వాలు తీసి చూశాం. మర రంధ్రాల్లోంచి పిండి పొంగి, పిడి కింద రెండు ఎర్రటి బన్నులు కాలి ఉన్నాయి. జిగురు మాత్రం రాయిలా గట్టిపడింది. అయితే పిడి ముందుభాగం, తువ్వాలూ ఆకుల కట్టా వేలాడిన కొస, మొదట్లోంచి కిందికి వంగిపోయింది. వంగిపోయి అలాగే గట్టిపడింది. దాన్ని మళ్ళీ నిటారు చెయ్యడం ఎవరి వల్లా కాదు.

నేను నవ్వడానికి నోరు తెరిచి ఆయన మొహం చూసి మూసేశాను. తౌనో కింది బెంచీ మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. మాటులో కూర్చున్నట్టే కూర్చున్నాడు కానీ ఇది అది కాదు. ఆ చేతులను అలా చూడడం నాకు బొత్తిగా నచ్చలేదు.

"కట్టెల్లో వేసెయ్" అన్నాడు. "క్రెయిగ్‌కి ఫోను చేసి, హీటరు కొనుక్కోమని చెప్తా."

నాకు ఒళ్ళు మండింది. "చెప్తావు. ముందు లోపలికి పద" అన్నాను. పిడి నేనే తీసుకుని వంటింట్లోకి నడిచాను. అల్లిక సూదితో రంధ్రాల్లోని రొట్టె పొడిచి తీశాను. "గొట్టం పెట్టు ఇందులో."

"ఎందుకు?"

"నేను అడిగాను కాబట్టి."

మరలు బిగించాడు, ఊరికే నా నోటికి జడిసి. తుపాకీని మైదా సంచీ మీద పెట్టి, నా బలమంతా పెట్టి నొక్కి, "నోటు ఇయ్యి" అన్నాను. జేబులోంచి తీసి ఇచ్చాడు. సందులో దూర్చి లాగాను. ముందు నుంచి వెనకదాకా వెన్నలో కత్తిలా జారింది. ఇంకోసారి లాగాను. తౌనో సంచీ మీదికి వంగి, తనే నొక్కి, తనే లాగాడు. ఆ తర్వాత మోచెయ్యి ఆనించి నొక్కాడు. నోటు ఎక్కడా ఆగలేదు. పిడి ముందుభాగం గొట్టానికి దూరంగా కిందికి వంగింది కదా, ఇంక ఎంత నొక్కినా అందదు. జిగురూ బాణం పుల్లలూ దాన్ని పైకి వంగనివ్వవు. తువ్వాలు వేలాడదీసి మా తమ్ముడు చేసిపెట్టిన ఉపకారం అది.

"చూడ్డానికి అరటిపండులా ఉంది" అన్నాడు తౌనో.

"నీ అందం చూసి నిన్ను చేసుకున్నానా నేను?" అన్నాను.

మర్నాడు చర్చి అయ్యాక కంకర గుంతకు పోయాం. యాభై గజాల దూరంలో కాగితం పళ్ళెం నిలబెట్టి, దుంగ మీద ఆనించి మూడు పేల్చాడు. నేనే వెళ్ళి పళ్ళెం తెచ్చాను. మూడు చిల్లులూ నా అరచేతి కింద దాగాయి. తౌనో ఆ పళ్ళేన్ని చాలాసేపు చూశాడు. "కన్ను బాగానే ఉంది" అన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చలికి కళ్ళలో నీళ్ళొచ్చాయన్నాడు. వచ్చుంటాయి.

పదిహేనో తారీఖు. తెల్లవారుతుండగా మాటులో ఉన్నాం. చేతి తొడుగులు వేసుకుందామని సంచీలో చూస్తే ఒకటే ఉంది. ఎర్రది, పోయిన వారమే నేను అల్లి పూర్తిచేసిన జతలోది.

"రెండోది ఏది?" అని గుసగుసగా అడిగాను.

తౌనో తుపాకీ మడమ మీద వేలితో తట్టాడు. మోత లేదు. మెత్తగా, బరువుగా పలికింది.

"నా తొడుగు కుక్కావా అందులో?"

"ఊలు మంచిది. మోతంతా మింగేసింది."

దుప్పులు లేకపోతే ఆ మడమతోనే నాలుగు తగిలించేదాన్ని. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆ చెయ్యి తీసుకెళ్ళి ఆయన కోటు జేబులో పెట్టాను. ఆయన కాదనలేదు. ఆయన చెంప పిడికి ఆనించినప్పుడల్లా ఏలకుల వాసన గుప్పుమంటోంది.

ఏడున్నరకు కొమ్ముల దుప్పి వచ్చింది. దేవదారుల్లోంచి తల బయటపెట్టి, అదే బర్చి చెట్టు పక్కన ఆగింది. ఆయన భుజం బిగుసుకోవడం నాకు తెలుస్తోంది. తప్పితే ఈ కిటికీ క్రెయిగ్‌ది. ఈ బల్ల క్రెయిగ్‌ది. నేను జేబులోంచి చెయ్యి తీసి, ఊపిరి బిగపట్టి కళ్ళు మూసుకున్నాను.

పేలింది. కళ్ళు తెరిచేసరికి దుప్పి పడి ఉంది. ఒక్క దెబ్బకే పోయింది పాపం, కాలు కూడా ఆడించలేదు.

"అయిపోయింది" అన్నాడు తౌనో.

"అయిపోయిందా?" అన్నాను నేను.

క్యాంపులో విల్హో కత్తెర చేతిలో పట్టుకునే ఎదురొచ్చాడు. దుప్పిని చూసి, కత్తెర తిరిగి డబ్బాలో పడేశాడు. క్రెయిగ్ మా ఆయన చెయ్యి పట్టుకుని మనస్ఫూర్తిగా ఊపాడు. మర్యాదస్థుడని ముందే చెప్పాను. తౌనోకి ఇంక కడుపులో మాట ఆగలేదు. డాలరు నోటు దగ్గర్నుంచి బన్నుల దాకా మొత్తం చెప్పేశాడు.

విల్హో పిడి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"అంటే ఆ రోజు నా తువ్వాలు దీని మీదా?"

"ఆకుల కట్ట కూడా."

"అయితే సగం రిపేరు నాదే. వెనక కాలు ఒకటి నాకొస్తుంది బావా."

"ముందు కాలు తీసుకో."

"వాసన చూసి ఆకలేసిందని చెప్పినా ఒక బన్ను పెట్టలేదు. వెనక కాలే."

వెనక కాలే ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాం. మా ఆయన ఏటా తీసుకునే పర్మిట్టు ఒక్క దుప్పికే. అది అయిపోతే ఆ ఏడాదికి వేట అయిపోయినట్టే. గురి తప్పిన రెండేళ్ళూ దుప్పి దొరక్క పదిహేను రోజులూ మాటులోనే కూర్చున్నాం. ఈసారి తుపాకీ బాగుపడి గంటన్నరలో లేచి వచ్చేశాం. మాటు మాకు దక్కింది, అందులో కూర్చునే పని పోయింది. రెండింటికల్లా ఆయన నా కెటిల్ విప్పి బల్ల మీద పరిచాడు. నేను గిన్నెలు కావలసిన దానికంటే గట్టిగా పెట్టాను. ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదన్నాను. ఫ్లాస్కులో కాఫీ అలాగే ఉంది, సింకులో పారబోశాను. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఎవరికైనా చెబితే నవ్వుతారు.

మర్నాడు పొద్దున్నే లేచేసరికి తౌనో నారింజరంగు కోటు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఫ్లాస్కు. కాఫీ తనే కాచాడు, అంటే అది తాగడం ఒక సాహసం.

"ఎక్కడికి?"

"మాటుకి."

"తుపాకీ ఏది?"

"దానికేం పని?" అన్నాడు. బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, నా వైపు చూడకుండా, "నిన్న నువ్వు కాఫీ మూత కూడా తియ్యలేదు" అన్నాడు.

కోటు తీసుకుని నడిచాను. మంచు సన్నగా పడుతోంది. మాటులో పక్కపక్కన కూర్చున్నాం. నా రెండో తొడుగు ఇంకా తుపాకీలోనే ఉంది కాబట్టి చెయ్యి ఆయన జేబులోకి పోనిచ్చాను. అడుగున చల్లగా ఏదో తగిలింది. తీసి చూస్తే మరలు తిప్పే స్క్రూడ్రైవరు.

"ఈ బల్ల కాలు కొంచెం ఊగుతోంది" అన్నాడు. "నిన్న గమనించా. ఒక్క నిమిషం పని."

"ఊగనీ" అన్నాను.

స్క్రూడ్రైవరు నా జేబులో వేసుకుని, చెయ్యి మళ్ళీ ఆయన జేబులో పెట్టాను. ఆయన కాసేపు బల్ల కాలు వైపు చూశాడు. తర్వాత చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మాలో ఎవరం కదిలినా బల్ల టక్కుమని ఊగింది. పదకొండింటి దాకా ఊగుతూనే ఉంది.